బిడ్డ మౌనము – ఇంటి కర్తవ్యము
(అధ్యయన పాఠము)

వేసవి వచ్చినదనిన ఎల్లారెడ్డిపేట ప్రాంతమున రెండు నిరీక్షణలు మొదలగును. ఒకటి తొలకరి కొఱకు, రెండవది ఇంటర్మీడియెట్ ఫలితముల కొఱకు. సిరిసిల్లలో సాంచెల చప్పుడు నడుమ, కోరుట్లలో చాట యొడిలో నుంచుకొని బీడీలు చుట్టు తల్లుల నడుమ, జగిత్యాల పల్లెలకు గల్ఫు దేశముల నుండి వచ్చు ఫోనులలో ఆ దినమున వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "పాసైండా?" ఆ ప్రశ్నకు "కాలేదు" అని చెప్పవలసిన బిడ్డ మనస్సులో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట ఈ పాఠమునకు విషయము.

ఒక వేసవి నేర్పిన పాఠము

2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినవి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు ఆ పరీక్షలు వ్రాసిరి. సుమారు మూడు లక్షలమంది తప్పిరి. ఫలితములలో దోషములు కలవని ఆందోళన చెలరేగెను. తెలుగు పరీక్షలో 99 మార్కులు రావలసిన ఒక బాలికకు 00 అని నమోదైన సంగతి రాష్ట్రమంతట చర్చకు వచ్చెను. ప్రభుత్వము త్రిసభ్య సంఘమును నియమించి, తప్పిన వారందరి జవాబు పత్రములను రుసుము లేకుండ తిరిగి పరిశీలింపజేసెను. అప్పుడు వేయిమందికి పైగా విద్యార్థులు నిజమునకు ఉత్తీర్ణులని తేలెను. కాని యా లోపల, ఫలితముల తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు బలవన్మరణము పాలైరని పత్రికలు వ్రాసెను.

ఈ సంఘటన నుండి రెండు విషయములు గ్రహింపవలెను. మొదటిది: కాగితముపై నున్న అంకె బిడ్డ విలువకు కొలమానము కాదు, ఒక్కొక్కప్పుడు అది వాని చదువునకు సైతము కొలమానము కాదు. రెండవది యింతకంటె ముఖ్యమైనది. పరీక్ష నిజముగనే తప్పిన బిడ్డ ప్రాణము, పొరపాటున తప్పినట్లు చూపబడిన బిడ్డ ప్రాణముతో సమానమైనది. "పాపము, వాడు నిజమునకు పాసైనవాడే" యని మనము విచారించునప్పుడు, తప్పినవాడు పోయిన విచారింప బనిలేదను భావము మన మాటలో దాగియుండరాదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో భారతదేశమున 1,70,924 మంది ఆత్మహత్యల వలన మరణించిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్షలో తప్పుట యొక్కటియే యిందులకు కారణమని తలచుట సరికాదు. ఇంటి యప్పులు, ప్రేమ వ్యవహారములు, అవమానములు, మత్తు అలవాట్లు, చికిత్స లేని మనోవ్యాధి మొదలగునవి పెనవేసికొని యొక బిడ్డను ఆ యంచునకు నెట్టును. ఫలితము వెలువడిన దినము పెక్కు సందర్భములలో చివరి బరువు మాత్రమే. అందుచేతనే ఆ బరువులలో ఏదో యొకదానిని తగ్గించుట ఇంటివారి చేతిలో ఉన్నది.

అంగదుని భయము

ఈ స్థితి కొత్తది కాదు. రామాయణ కిష్కింధాకాండమున యువరాజు అంగదుని కథ చూడుడు. సీతాన్వేషణకు సుగ్రీవుడు పెట్టిన గడువు ముగిసినది. సీత జాడ తెలియలేదు. అంగదుడును తోటి వానరులును సముద్రతీరమున దర్భలు పరచుకొని ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. అంగదుని కుంగదీసినది ఎదుటనున్న సముద్రము కాదు, వెనుకనున్న ఇల్లు. "ఓడి తిరిగిపోయిన పినతండ్రి నన్ను ఏమి చేయును?" అన్నదే వాని భయము.

తరువాత జరిగినది గమనింపదగినది. వానరులు తమ దుఃఖమును మనసులో దాచుకొనలేదు. జరిగినదంతయు పైకి చెప్పుకొని విలపించిరి. ఆ మాటలలో జటాయువు పేరు విని కొండపై నున్న సంపాతి పలుకరించెను. సీత యెచ్చట నున్నదో యాతని వలననే తెలిసెను. ఆపై వృద్ధుడైన జాంబవంతుడు హనుమంతునకు మరచిపోయిన బలమును గుర్తు చేసెను. అనగా దుఃఖము మాటగా మారినప్పుడు వినువాడు దొరకెను, వినువాడు దొరకినప్పుడు దారి తెలిసెను. నేటి బిడ్డలు అంగదుని వలెనే ఇంటికి భయపడి మౌనము వహించుచున్నారు. ప్రతి ఇంటిలో ఒక సంపాతి, ఒక జాంబవంతుడు ఉండవలెను.

బసవపురాణమునందును ఇట్టి తోడు కనబడును. ఉపనయన విషయమున తండ్రితో విభేదించి ఇల్లు విడిచిన చిన్ననాటి బసవనితో అక్క నాగమాంబ వెంట నడచెను. పెద్దలతో మాట పడనప్పుడు బిడ్డకు ఇంటిలోనే ఇంకొకరి చేయి దొరకవలెనని ఈ కథ చెప్పుచున్నది. అది అక్క కావచ్చును, మేనమామ కావచ్చును, అమ్మమ్మ కావచ్చును.

దుఃఖము వేఱు, కుంగుబాటు వేఱు

పరీక్ష తప్పిన బిడ్డ రెండు మూడు దినములు ఏడ్చుట సహజము. స్నేహితులు వచ్చిన కొంత నవ్వును, ఆకలి వేసిన తినును. ఇది దుఃఖము. ఇది తనంత తాను తగ్గును.

కుంగుబాటు అట్లు కాదు. రెండు వారములు, అంతకంటె ఎక్కువ కాలము, ఇంచుమించు ప్రతిదినము, దినములో అధిక భాగము మనస్సు చీకటిగ నుండును. మునుపు ప్రియమైన ఆట, పాట, స్నేహము రుచింపవు. నిద్ర పట్టదు, లేదా అతిగ పట్టును. ఆకలి మారును. చదివినది బుద్ధికి ఎక్కదు. చిన్న పనికే అలసట కలుగును. "నేను పనికిరానివాడను" అను తలపు వదలదు. కొందరు బిడ్డలలో విచారమునకు బదులు చిరాకు, కోపము కనబడును. కొందరు తలనొప్పి, కడుపునొప్పి అని మాత్రమే చెప్పుదురు. పెద్దలు దీనిని "పొగరు" అనియో, "సోమరితనము" అనియో, "గాలి సోకినది" అనియో పొరబడుదురు. ఇది మెదడు, శరీరము, పరిస్థితి మూడింటి కలయికతో వచ్చు వ్యాధి. మలేరియా వచ్చిన బిడ్డను "ధైర్యము లేక జ్వరము తెచ్చుకొన్నావు" అని ఎవరును తిట్టరు. కుంగుబాటు విషయమునను అట్లే తిట్టరాదు.

ప్రాణాపాయమును సూచించు చిహ్నములు వేఱుగ కలవు. "నేను లేకుంటెనే మీకు మంచిది", "ఇగ ఎవరికీ భారం గాను" వంటి మాటలు, తనకు ఇష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయుట, కారణము లేకుండ అందరికిని వీడ్కోలు చెప్పినట్లు మాటలాడుట, మద్యపానము హఠాత్తుగ పెరుగుట, చాల దినముల కలత తరువాత అకస్మాత్తుగ ప్రశాంతముగ కనబడుట. "చచ్చెదనని చెప్పువాడు చావడు" అను మాట మన పల్లెలలో వినబడును. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. ప్రాణము తీసికొన్న వారిలో పలువురు అంతకు ముందే ఏదో రూపమున ఎవరితోనో చెప్పినవారే. కావున ఇట్టి మాట ఒక్కసారి వినబడినను పట్టించుకొనవలెను.

ఒక ఇంటిని తలచుకొందము

ఎల్లారెడ్డిపేట మండలమున ఒక ఇల్లు కలదనుకొందము. తండ్రి మస్కట్‌లో కూలిపని చేయుచున్నాడు. వెళ్లుటకు చేసిన అప్పు ఇంకను తీరలేదు. తల్లి బీడీలు చుట్టును. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరములో రెండు సబ్జెక్టులు తప్పినాడు. సాయంకాలము ఎదురింటివారు వచ్చి "మా పోరనికి తొమ్మిది వందల మార్కులు వచ్చినయ్, మీవోడు ఏమైండు?" అనిరి. రాత్రి తండ్రి ఫోను చేసి "నీ కోసమే ఈ ఎండల సచ్చుడు" అనినాడు. ఆ తండ్రి మాటలో ప్రేమయే కలదు. కాని వినువానికి అది అప్పు పత్రము వలె వినబడినది. తండ్రి చెమట, తల్లి వ్రేళ్ల నొప్పి, వడ్డీ, ఊరి మాట అన్నియు కలిసి యొక్క బిడ్డ తలపై చేరినవి. బిడ్డ తలుపు వేసికొన్నాడు.

మన ప్రాంతమున ఈ బరువు కల్పితము కాదు. 1990ల చివరి నుండియు సిరిసిల్ల నేత కార్మికుల బలవన్మరణములు మరల మరల వార్తలకు ఎక్కినవి. పని లేమి, అప్పు, కుంగుబాటు ఒకే ఇంటిలో కూడినప్పుడు ఎట్టి నష్టము కలుగునో ఈ జిల్లాకు తెలిసినంతగ వేఱొకరికి తెలియదు. అట్టి ఇండ్లలో పెరుగు బిడ్డలు పైకి చెప్పకున్నను ఇంటి లెక్కలన్నియు వినుచునే యుందురు.

ఆ తల్లి ఏమి చేయవలెను? ఎదురింటివారు వెళ్లిన తరువాత చాటను ప్రక్కన పెట్టవలెను. మార్కుల ప్రసక్తి లేకుండ, "దా బిడ్డా, బుక్కెడు తిను" అని పిలువవలెను. వాడు తినకున్నను ప్రక్కన కూర్చుండవలెను. తండ్రికి ఫోను చేసి మరునాడు వేఱు మాట చెప్పించవలెను: "పరీక్ష మళ్ల రాయొచ్చు కొడుకా. నువ్వుంటే చాలు. అప్పు నేను చూసుకుంట, అది నీ మీద లేదు." ఈ నాలుగు వాక్యములు దూరదేశమున నున్న తండ్రి పంపగల ధనములలో కెల్ల గొప్పది.

అడుగుట నేర్చుకొనవలెను

"చావును గుఱించి అడిగిన లేని యాలోచన పుట్టించినట్లు అగునేమో" అని పెద్దలు జంకుదురు. మనోవైద్య పరిశోధనలు ఇది నిజము కాదని తేల్చినవి. నెమ్మదిగ, సూటిగ అడిగిన బిడ్డకు ఊరట కలుగును. తాను ఒంటరిగ మోయుచున్న దానిని ఇంకొకరు చూచిరను తృప్తి కలుగును. అడుగుటకు ఏకాంతము కావలెను. బంధువుల నడుమ అడుగరాదు. పొలము గట్టుపై నడచుచునో, దూలముల క్రింద మంచముపై కూర్చుండియో అడుగవచ్చును. "కొన్ని రోజులసంది నువ్వు మునుపటిలెక్క లేవు. నాకు రంది ఐతుంది. నీకు బతుకవద్దు అనిపిస్తున్నదా బిడ్డా?" అని అడుగవలెను.

"అవును" అని బిడ్డ చెప్పిన యెడల అప్పటి మొదటి నిమిషము మిక్కిలి విలువైనది. ఆ నిమిషమున ఏడ్చి గోల చేయుట, "మా పరువు తీస్తవా" అని గద్దించుట, ఒట్టు వేయించుకొనుట, ఉపదేశము మొదలిడుట తగవు. "చెప్పినందుకు మంచిదైంది. నేను నీతోనే ఉంట. మనమిద్దరం కలిసి డాక్టరు దగ్గరికి పోదాం" అని చెప్పిన చాలును. "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రము ఈయరాదు. ప్రాణమునకు సంబంధించిన రహస్యమును దాచుట స్నేహము కాదు. ఈ సంగతి బిడ్డ స్నేహితులకు సైతము నేర్పవలెను, ఏలయన బిడ్డలు తల్లిదండ్రులకంటె ముందు స్నేహితులకే చెప్పుదురు.

ఆపద దినములలో ఇంటి కట్టుబాటు

చావవలెనను తీవ్రమైన ప్రేరణ సాధారణముగ కెరటము వలె వచ్చి పోవును. ఆ కెరటము గడచువరకు బిడ్డను కాపాడగలిగిన, పిమ్మట వాడే బ్రదుకును కోరుకొనును. కావున ఆ దినములలో:

1. బిడ్డను ఒంటరిగ విడువరాదు. ఇంటివారు వంతులు వేసికొని తోడుండవలెను. కావలివాని వలె కాక, తోడివాని వలె ఉండవలెను.

2. ఇంటిలోని పురుగుమందులు, అధిక మొత్తమున నున్న గోలీలు, హాని చేయగల ఇతర వస్తువులు ఇల్లు దాటించవలెను, లేదా తాళము వేసి తాళపుచెవి పెద్దల వద్ద నుంచుకొనవలెను. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను వరుసగ నిషేధించిన పిమ్మట, 1995 తరువాతి రెండు దశాబ్దములలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతము తగ్గెను. చేతికి అందకుండ చేయుట వలన నిజముగ ప్రాణములు నిలుచునని ఇది చాటుచున్నది.

3. మద్యము ఇంటిలో ఉండరాదు. అది కుంగుబాటును పెంచును, విచక్షణను తగ్గించును.

4. నిద్ర, భోజనము, స్నానము, కొంత నడక, ఈ నాలుగింటికి వేళ కుదుర్చవలెను. పెద్ద లక్ష్యములు ఆ దినములలో పెట్టరాదు.

5. ప్రాణాపాయము దాపున నున్నదని తోచిన వెంటనే 108కి ఫోను చేసి, సమీప ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోవలెను.

వైద్యము, చట్టము

మాటలాడు చికిత్స, మందులు, లేదా రెండును కలిపి కుంగుబాటును నయము చేయగలవు. మందులు వేసిన మరునాడే ఫలితము కనబడదు, కొన్ని వారములు పట్టును. "పది దినములైనను తగ్గలేదు" అని మానివేయుట, కొంత తగ్గగనే వైద్యుని అడుగక విడుచుట రెండును తప్పులే. యువకులు మందు మొదలుపెట్టిన తొలి వారములలో కలత పెరిగినట్లు కనబడిన వెంటనే వైద్యునకు తెలుపవలెను. మందుల పెట్టె పెద్దల వద్దనే ఉండవలెను. పూజ, ప్రార్థన, లింగధ్యానము మనస్సునకు బలమీయవచ్చును. కాని అవి వైద్యునకు బదులు కావు. వైద్యుని వద్దకు పోవుట భక్తికి లోపమును కాదు.

భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, "టెలి మానస్" అను ఉచిత సేవను ప్రారంభించెను. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. బాధపడు బిడ్డయే కాదు, ఏమి చేయవలెనో తోచని తల్లియు చేయవచ్చును. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. అంత దూరము పోవుటకు ముందు జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యుని సంగతి విచారింపవచ్చును.

పోలీసు కేసు అగునను భయముతో కొన్ని కుటుంబములు ప్రయత్నము జరిగిన సంగతిని దాచి, వైద్యమును ఆలస్యము చేయును. 2018లో అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లుగ భావింపవలెననియు, వానికి చికిత్స, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యత యనియు చెప్పుచున్నది. 2024 జూలై 1 నుండి అమలగు భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నమును నేరముగ శిక్షించిన పాత 309వ సెక్షను లేదు. కావున భయపడక వైద్యునకు నిజము చెప్పవలెను. 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము నూఱుగురు, అంతకు మించి విద్యార్థులు గల విద్యాసంస్థలు అర్హత గల సలహాదారుని నియమింపవలెనని మార్గదర్శకములు ఇచ్చెను. ఇట్టి సలహాదారుడు కలడా యని తల్లిదండ్రులు కళాశాలలో చేర్చుటకు ముందే అడుగవచ్చును.

ఊరి బాధ్యత

కాయకమును గౌరవించు సంప్రదాయములో ఏ పనియు అల్పము కాదు. ఆద్య వచనకారులలో ఒకడైన జేడర దాసిమయ్య నేత నేసి జీవించినవాడు. మగ్గముపై తెగిన పోగును నేతగాడు తిట్టడు, పారవేయడు, ముడి వేసి నేత సాగించును. పరీక్ష తప్పుట యట్టి తెగిన పోగు మాత్రమే. సప్లిమెంటరీ పరీక్ష కలదు, ఐటీఐ కలదు, పాలిటెక్నిక్ కలదు, దూరవిద్య కలదు, చేతిపని కలదు. కాని ఈ దారులన్నియు బిడ్డ తేరుకొన్న పిదప చెప్పవలసినవి. మొదటి దినమున వాని ప్రక్కన కూర్చుండుట యొక్కటే పని.

ఫలితముల దినమున పొరుగింటి మార్కులు అడుగకుండుట ప్రతివారును చేయగల సేవ. ఇట్టి మరణము జరిగిన ఇంటిని వేలు చూపి మాటలాడకుండుట ఇంకొక సేవ. ఆ తల్లిదండ్రులు "మేమేమి తప్పు చేసితిమి" అని జీవితాంతము లోలోన కాలుచుందురు. వారికి తీర్పు కాదు, తోడు కావలెను. బిడ్డను కాపాడుకొను శ్రమలో నున్న తల్లికిని విశ్రాంతి కావలెను. ఒక రాత్రి ఆమెకు బదులుగ మేలుకొని యుండు చుట్టము నిజమైన చుట్టము.

ముందు చెప్పుకొన్న ఇంటిలో తలుపు తెరచుకొన్నదనుకొందము. కొడుకు బయటకు వచ్చి, కంచము ముందు కూర్చుండి, రెండు ముద్దలు తిని, "అమ్మా, నాకు మంచిగ లేదు" అనినాడనుకొందము. ఆ మాటతో కష్టములు తీరలేదు. అప్పు అట్లే కలదు, సబ్జెక్టులు అట్లే కలవు. అయినను ఆ ఇంటిలో ప్రాణము నిలుచుటకు కావలసిన మొదటి మాట పలుకబడినది. ఇక మిగిలినది ఆ మాటను వినుట.

అభ్యాస ప్రశ్నలు

1. దుఃఖమునకును కుంగుబాటునకును భేదములేవి? మీ ఇంటి భాషలో చెప్పుడు.
2. అంగదుడు ఎవరికి భయపడెను? మీ బిడ్డ తప్పు జరిగినప్పుడు మొదట ఎవరి వద్దకు పోగలడు? ఆ పేరు మీకు తెలియునా?
3. బిడ్డ "బతుకబుద్ధి ఐతలేదు" అనిన యెడల మీరు పలుకు మొదటి వాక్యమేది? వ్రాసి, ఇంటిలో చదివి వినిపింపుడు.
4. మీ ఇంటిలో పురుగుమందు, గోలీలు ఎచ్చట నున్నవి? ఈ సాయంకాలమే చూడుడు.
5. 14416 అను సంఖ్యను ఇంటి గోడపై నున్న క్యాలెండరు మీద పెద్ద అంకెలతో వ్రాయుడు.